అణు కేంద్రాల్లో మంటల నియమాలు: గంట ఆగాల్సిన చోట 24 నిమిషాలు చాలని ఎవరు ఒప్పుకున్నారు?

త్రోవరి

న్యూయార్క్‌కి ఎగువన, హడ్సన్ నది ఒడ్డున ఇండియన్ పాయింట్ అని అణు విద్యుత్ కేంద్రం ఉండేది. 2021లో పూర్తిగా మూసేశారు. దాని మూడో యూనిట్‌లో కొన్ని ముఖ్యమైన కేబుళ్లకు హెమిక్ అనే ఫైర్ వ్రాప్ చుట్టారు. మంట చుట్టుముట్టినా గంటసేపు లోపలి కేబుల్ పనిచేయాలన్నది లెక్క. అమెరికా అణు నియంత్రణ కమిషన్, అదే అందరూ ఎన్‌ఆర్‌సీ అనేది, 2005లో ఆ వ్రాప్‌ని పరీక్షిస్తే గంట నిలబడలేదు. పై గుడ్డ ముడుచుకుపోయింది, అతుకులు విచ్చుకున్నాయి. అలాంటప్పుడు గంట నిలబడేది తెచ్చి వేయించాలి కదా? కంపెనీ మినహాయింపు అడిగింది, 2007లో కమిషన్ ఇచ్చింది. గంట కాస్తా 30 నిమిషాలైంది, ఒకచోట 24 నిమిషాలైంది.

నేను ఇంజనీర్ని కాదు, సాఫ్ట్‌వేర్. మేముండేది నార్త్ కరోలినాలో హోలీ స్ప్రింగ్స్. షీరన్ హారిస్ అణు కేంద్రం పది మైళ్ల పరిధిలోకి మా ఇల్లు వస్తుంది. ఈ చుట్టుపక్కల ఏపెక్స్‌లో, కేరీలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు దగ్గర్నుంచి గ్యారేజీ దాకా అన్నీ ఆరా తీస్తాం, ఆ కూలింగ్ టవర్ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ మినహాయింపుల వ్యవహారం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. భయపెట్టడానికి అడగట్లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

కేబుల్‌ట్రే

త్రోవరి గారూ, నేను థర్మల్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను. అణు కేంద్రంలో పనిచేయలేదు కానీ కేబుళ్లు ఎక్కడైనా కేబుళ్లే. అసలా నియమం ఎక్కడ పుట్టిందో తెలిస్తే గానీ మినహాయింపు ఎంత పెద్ద విషయమో తెలియదు.

1975 మార్చి 22. అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ. రెండు యూనిట్లు నడుస్తున్నాయి, మూడోది కడుతున్నారు. కంట్రోల్ రూమ్ కింద కేబుల్ స్ప్రెడింగ్ రూమ్ ఉంటుంది. పైన ప్యానెళ్ల నుంచి కేబుళ్లన్నీ అక్కడికి దిగి, గోడల్లో కన్నాల గుండా రియాక్టర్ బిల్డింగ్‌లోకి పోతాయి. ఆ కన్నాలను ఫోమ్‌తో మూస్తారు. రియాక్టర్ బిల్డింగ్‌లో గాలి ఒత్తిడి కావాలనే తక్కువగా ఉంచుతారు, కాబట్టి ఎక్కడ సందున్నా గాలి అటే లాగుతుంది. సందు ఉందో లేదో చూడ్డానికి అక్కడివాళ్లు వాడిన పద్ధతి ఏమిటంటే, కొవ్వొత్తి వెలిగించి కన్నం దగ్గర పట్టుకోవడం. మంట అటు వంగితే లీకున్నట్టు. ఆ రోజు మంట వంగి, కన్నంలో కొత్తగా కుక్కిన పాలీయురెథేన్ ఫోమ్‌కి అంటుకుంది. గాలి లాగుడుకి గోడ అవతలకి పోయింది. చేతిలో ఉన్న టార్చిలైటుతో కొట్టారు, గుడ్డలతో అదిమారు, తర్వాత ఎక్స్‌టింగ్విషర్లు తెచ్చారు. ఇవతల ఎంత చేసినా లాభం లేకపోయింది, ఎందుకంటే కాలేది అవతల.

పైన కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్లకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ప్యానెల్ మీద బల్బులు ఉన్నట్టుండి బాగా వెలగడం, మసకబారడం, ఆరిపోవడం. ఆపిన పంపులు వాటంతటవే మొదలవడం. కేబుళ్ల ఇన్సులేషన్ కరిగి ఒకదానికొకటి షార్ట్ అవుతుంటే అలాగే ఉంటుంది. ఏది నిజమైన సిగ్నలో, ఏది కాలిన తీగ చెబుతున్న అబద్ధమో తేల్చలేరు. 1,600కి పైగా కేబుళ్లు పాడయ్యాయి. ఒకటో యూనిట్‌కి ఎమర్జెన్సీ కూలింగ్ సిస్టమ్ పోయింది. రిలీఫ్ వాల్వులు తెరిచి ఒత్తిడి దించి, మామూలుగా ఆ పనికి వాడని పంపులతో నీళ్లు పంపి గట్టెక్కారు. మంట దాదాపు ఏడు గంటలు నడిచింది. పక్క ఊరి ఫైర్ చీఫ్ నీళ్లు కొట్టండి మొర్రో అంటున్నా, కరెంటు కేబుళ్ల మీద నీళ్లేమిటని గంటల తరబడి తటపటాయించారు. చివరికి సాయంత్రం నీళ్లు కొడితే కాసేపట్లో ఆరిపోయింది.

ఎన్‌ఆర్‌సీ అప్పటికి పుట్టి రెండు మూడు నెలలే అయింది.

కొత్తగా_చేరా

అన్నా, ఒక డౌటు. ఎమర్జెన్సీ సిస్టమ్స్ రెండేసి ఉంటాయి అంటారు కదా, ఒకటి పోతే ఇంకోటి. మరి రెండూ ఒకేసారి ఎలా పోయాయి?

కేబుల్‌ట్రే

అసలు పాయింటు అదే తమ్ముడూ. పంపులు రెండున్నాయి, వేర్వేరు గదుల్లో ఉన్నాయి. కానీ రెండింటి కేబుళ్లూ ఒక గదిలోంచే పోయాయి. పంపు చెక్కుచెదరలేదు, దానికి కరెంటూ కంట్రోలూ అందలేదు.

అందుకని 1980 చివర్లో కొత్త నియమం తెచ్చారు, అపెండిక్స్ ఆర్ అంటారు. 1979 జనవరికి ముందు లైసెన్సు పొందిన కేంద్రాలకి వర్తిస్తుంది. అందులో గుండెకాయ లాంటి క్లాజు ఒకటుంది. రియాక్టర్‌ని సురక్షితంగా ఆపడానికి కావలసిన రెండు సెట్ల కేబుళ్లు ఒకే ఫైర్ ఏరియాలో, అంటే మంట దాటకుండా గోడలతో వేరు చేసిన ఒకే భాగంలో ఉంటే, ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయాలి: మధ్యలో మూడు గంటల ఫైర్ బారియర్ కట్టాలి, లేదా రెండింటి మధ్య 20 అడుగుల దూరం ఉంచి ఆ మధ్యలో మండే సరుకేదీ లేకుండా చూసి డిటెక్టర్లూ స్ప్రింక్లర్లూ పెట్టాలి, లేదా ఒక సెట్‌కి గంట ఆగే వ్రాప్ చుట్టి డిటెక్టర్లూ స్ప్రింక్లర్లూ పెట్టాలి. ఆర్పే ఏర్పాటు పనిచేసి, మనుషులు చేరుకునేలోగా ఒక సెట్ బతికుండాలన్నది దీని వెనక ఆలోచన.

బీటా_కిరణం

నేను ఈ ఫీల్డులోనే ఉన్నాను, రిస్క్ అనాలిసిస్ చేస్తాను. రెండో వైపు కూడా వినాలి, అందుకే రాస్తున్నా.

మినహాయింపు అంటే ఫైలు మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టడం కాదు. దానికి చట్టంలో విడిగా ఒక సెక్షనే ఉంది. చట్టం ఒప్పుకోవాలి, ప్రజల ఆరోగ్యానికి అనవసరమైన ముప్పు ఉండకూడదు, పైగా ప్రత్యేక పరిస్థితులున్నాయని చూపించాలి. ఆ ప్రత్యేక పరిస్థితుల్లో ఎక్కువగా వాడేది ఏమిటంటే, ఈ చోట నియమాన్ని అక్షరాలా పాటించకపోయినా దాని అసలు ఉద్దేశం నెరవేరుతోందని నిరూపించడం.

ఒక ఉదాహరణ చెప్తా. నాలుగు వైపులా కాంక్రీటు, లోపల నూనె లేదు, చెక్క లేదు, ఎవరూ సామాను పెట్టరు. రెండు కేబుల్ ట్రేల మధ్య 20 అడుగులు లేవు, 17 ఉన్నాయి. అక్కడ గోడ పగలగొట్టి, కేబుళ్లు పీకి మళ్లీ వేయాలా? నడుస్తున్న ప్లాంటులో కేబుళ్లు కదిలిస్తే అదీ రిస్కే. ఆ 20 అడుగులు కూడా ఇంజనీర్లు కూర్చుని సబబని అనుకుని పెట్టిన అంకె. 1975కి ముందు కట్టిన ప్లాంట్లకి తర్వాత నియమం తెస్తే, ఏ రెండు ప్లాంట్ల లేఅవుటూ ఒకటి కాదు కాబట్టి, మినహాయింపులు రావడం సహజం. కంపెనీలు ఈ నియమం మీద కోర్టుకెళ్లినప్పుడు 1982లో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు నియమాన్ని నిలబెట్టింది. అవసరమైనవాళ్లు మినహాయింపు అడిగే దారి ఉంది కదా అన్నది కూడా అందుకు ఒక కారణం.

ఇండియన్ పాయింట్ సంగతి కూడా అంతే. ఎన్‌ఆర్‌సీ వాదనేంటంటే, ఆ కేబుల్ టన్నెళ్లలో మండే సరుకు తక్కువ, మంట పుట్టినా అంతసేపు నిలవదు, 24 నిమిషాలు చాలు అని. టెక్నికల్‌గా అది తీసిపారేయాల్సిన వాదన కాదు.

హడ్సన్_గట్టు

బీటా గారూ, టెక్నికల్ వాదన పక్కన పెట్టండి, ఆ నిర్ణయం ఎలా జరిగిందో చూడండి. నేను ఇండియన్ పాయింట్ ఉన్న వెస్ట్‌చెస్టర్ కౌంటీలోనే ఉంటాను, ఈ కేసు మొదటి నుంచీ ఫాలో అయ్యాను.

రిచర్డ్ బ్రాడ్‌స్కీ అని న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు. ఆయన వాదన చాలా సూటిగా ఉండేది. లక్షల మంది మధ్యలో ఉన్న కేంద్రానికి రక్షణ ప్రమాణం తగ్గిస్తున్నప్పుడు కనీసం ప్రజల్ని ఒక మాట అడగరా అని. మినహాయింపుకి విచారణ ఉండదు. లైసెన్సు మార్చాలంటే చట్ట ప్రకారం ప్రజలకి విచారణ కోరే హక్కుంది, మినహాయింపు అయితే లేదు. అంటే ఒకే మార్పుని ఏ పేరుతో చేశారన్నదాన్ని బట్టి మన హక్కు ఉంటుంది లేదా పోతుంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆయన కోర్టుకెళ్లారు. 2013 జనవరిలో సెకండ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది. సేఫ్టీ విషయంలో కమిషన్ నిర్ణయాన్ని తప్పుపట్టలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ప్రజల అభిప్రాయం ఎందుకు తీసుకోలేదో కారణం చెప్పలేదు కాబట్టి, కారణమైనా చెప్పండి, అభిప్రాయాలైనా తీసుకోండి అని వెనక్కి పంపింది. తర్వాత కమిషన్ అభిప్రాయాలు తీసుకుంది, మినహాయింపుని అలాగే ఉంచింది, 2016లో కోర్టు దాన్నీ సమర్థించింది. ఇచ్చింది 2007లో, మా మాట విన్నది 2013 తర్వాత. అన్నేళ్లూ ప్లాంటు నడుస్తూనే ఉంది.

ఇంకో సంగతి. ఆ ప్రదేశాలకి 1980లలోనే ఒకసారి మినహాయింపు ఇచ్చారు. గంట వ్రాప్ ఉంది కదా, మిగతా షరతుల్లో సడలింపు ఇద్దాం అన్నారు. తర్వాత ఆ గంట వ్రాపే గంట కాదని తేలింది. అప్పుడు ఏం చేయాలి? మొదటి సడలింపుకి ఆధారమే పోయింది కదా. దాన్ని రద్దు చేయకుండా దాని మీద ఇంకో సడలింపు ఇచ్చారు. నాకు అభ్యంతరం 24 అనే అంకె మీద కాదు. పరీక్షలో వస్తువు ఫెయిలైతే వస్తువుని మార్చాలి గానీ పాస్ మార్కు తగ్గించకూడదు.

కొత్తగా_చేరా

పాస్ మార్కు తగ్గించడం అన్నది కరెక్టు. అంత పెద్ద కంపెనీలకి మంచి వ్రాప్ దొరకదా అసలు?

కేబుల్‌ట్రే

దొరుకుతుంది. ఖర్చూ, షట్‌డౌన్ టైమూ సమస్య. పైగా హెమిక్ మొదటిది కాదు. దానికి ముందు థర్మో-లాగ్ అని ఒకటి వచ్చింది, 1980లలో అమెరికాలో చాలా కేంద్రాల్లో అదే వాడారు. గంట, మూడు గంటలు ఆగుతుందని అమ్మారు. 1990ల మొదట్లో పరీక్షలు చేస్తే చెప్పినంతసేపు ఆగలేదు, 1992లో ఎన్‌ఆర్‌సీ అన్ని కేంద్రాలకీ బులెటిన్ పంపింది.

అలా తేలినప్పుడు ప్లాంటు ఆపరు. తాత్కాలిక ఏర్పాటు అని ఒకటి చేస్తారు, ఎక్కువగా ఫైర్ వాచ్. అంటే ఒక మనిషి గంటకోసారి ఆ గదులన్నీ తిరిగి, పొగా గిగా ఏమన్నా ఉందా అని చూసి, రిజిస్టర్‌లో టైము వేసి సంతకం పెట్టడం. మా దగ్గర కూడా కేబుల్ గ్యాలరీకి ఇలాంటి రౌండ్లు ఉండేవి కాబట్టి చెప్తున్నా. రాత్రి రెండింటికి ఉక్కపోతలో వంగి వంగి ట్రేల కింద నడవాలి. మొదటి వారం శ్రద్ధగా తిరుగుతారు, రోజులు గడిచేకొద్దీ తలుపు తీసి ఓసారి తొంగిచూసి సంతకం పెట్టేస్తారు. మనిషిని తప్పుపట్టడానికి లేదు, ఆ పని అలాంటిది. నాలుగు రోజులకి పనికొచ్చే ఏర్పాటుని ఏళ్ల తరబడి నడిపించడమే తప్పు.

ఇది నా మాట మాత్రమే కాదు. అమెరికా కాంగ్రెస్‌కి ఆడిటర్ లాంటి గావో అనే సంస్థ 2008లో దీని మీద రిపోర్టిచ్చింది. 1995 నుంచి 2007 దాకా 54 సైట్లలో 125 మంటలు వచ్చాయి, ఏదీ పెద్ద ప్రమాదం దాకా పోలేదు అని అందులోనే ఉంది. అది మంచి మాటే, దాచక్కర్లేదు. కానీ తాత్కాలిక ఏర్పాట్లు ఏళ్ల తరబడి సాగుతున్నాయని, ఏ కేంద్రానికి ఏ మినహాయింపు ఉంది, ఎక్కడ ఏ తాత్కాలిక ఏర్పాటు నడుస్తోంది అనేది ఒక్కచోట చూసుకునే డేటాబేస్ కమిషన్ దగ్గర లేదని కూడా రాశారు. వందల మినహాయింపులు ఇచ్చినవాళ్ల దగ్గర వాటన్నిటి లెక్కా ఒకచోట లేకపోతే ఎలా? ఒక్కొక్కటి విడిగా చూస్తే సబబుగానే ఉండొచ్చు. ఒకే ప్లాంటులో అవన్నీ కలిస్తే ఏమవుతుందో ఎవరు చూడాలి?

బీటా_కిరణం

డేటాబేస్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అన్నీ కలిపి చూడాలన్న ఆ ప్రశ్నకే మా ఫీల్డు జవాబు వెతుకుతోంది. 2004లో ఎన్‌ఎఫ్‌పీఏ 805 అనే రెండో దారి తెరిచారు. పాత నియమంలా ఇన్ని అడుగులు, ఇన్ని గంటలు అని కాకుండా, ప్లాంటు మొత్తానికి ఫైర్ రిస్క్ మోడల్ కట్టి, ఏ గదిలో మంట వస్తే ఏమేం పోతాయి, కోర్ దెబ్బతినే అవకాశం ఎంత అని లెక్కగట్టి, ఎక్కువ రిస్కున్న చోట డబ్బు పెట్టడం. ఇష్టమున్నవాళ్లే దీంట్లోకి మారతారు. మీ షీరన్ హారిస్ దీనికి పైలట్ ప్లాంట్, అంటే ముందుగా అమలు చేసి చూసిన ప్లాంట్ అండీ త్రోవరి గారూ, దానితో పాటు సౌత్ కరోలినాలో ఓకోనీ. రెండింటికీ 2010లో ఆమోదం వచ్చింది. తర్వాత దేశంలో సగానికి దగ్గరగా రియాక్టర్లు అటు మారాయి. ఆ లెక్కలు కట్టినప్పుడు ఎవరూ అనుకోని చోట్ల రిస్క్ బయటపడింది, అక్కడ నిజంగానే పనులు చేయించారు.

త్రోవరి

మా హారిస్ పైలట్ ప్లాంటా! ఇది నాకు తెలియదు. మీరు చెప్పాక వెతికితే ఇంకోటి దొరికింది. 2006లో ఎన్‌సీ వార్న్ అనే స్థానిక సంస్థ, యూనియన్ ఆఫ్ కన్సర్న్‌డ్ సైంటిస్ట్స్‌తో కలిసి, హారిస్ ఏళ్ల తరబడి ఫైర్ నియమాలు పాటించట్లేదు, చర్య తీసుకోండి అని ఎన్‌ఆర్‌సీకి పిటిషన్ పెట్టింది. 2007లో తోసిపుచ్చారు. కొత్త పద్ధతికి మారుతున్న ప్లాంట్ల మీద ఆ మారేలోపు పాత లోపాలకి చర్యలు తీసుకోకుండా వెసులుబాటు ఇచ్చారట. 2004 నుంచి 2010 దాకా అంటే ఆరేళ్లు. పాప పుట్టి ఒకటో క్లాసులో చేరేంత కాలం!

బీటా గారూ, మీ పద్ధతి మంచిదే కావచ్చు, నేను కాదనను. కానీ మారడానికి పట్టే కాలంలో పాత నియమమూ పూర్తిగా లేక, కొత్తదీ ఇంకా రాక, మధ్యలో మేమున్నాం కదా.

నల్లమల

ఇంతసేపూ వ్రాపులూ అడుగులూ గురించే మాట్లాడుతున్నారు. మాన్యువల్ యాక్షన్ల గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు తెలిసి అసలు ప్రమాదం అక్కడుంది.

అమెరికాలో చాలా ప్లాంట్లు ఏం చేశాయంటే, కేబుల్‌కి వ్రాప్ చుట్టడం బదులు కాగితం మీద ఇలా రాసుకున్నాయి: ఈ కేబుల్ కాలిపోతే, కంట్రోల్ రూమ్ నుంచి ఆ వాల్వు తెరవడం కుదరదు కాబట్టి, ఒక ఆపరేటర్ అక్కడికి నడిచి వెళ్లి చేత్తో తిప్పుతాడు. కొన్నిచోట్ల అనుమతి కూడా తీసుకోకుండానే దీని మీద ఆధారపడ్డారు. అది గమనించాక ఎన్‌ఆర్‌సీ 2005లో దాన్నే నియమంగా చేద్దామని ప్రతిపాదించి, 2006లో వెనక్కి తీసుకుంది. ఇక కావలసినవాళ్లు ఒక్కొక్కరుగా మినహాయింపు అడగాలి.

నాది అచ్చంపేట దగ్గర ఊరు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో మంట వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. అది అణు కేంద్రం కాదు, జల విద్యుత్తు, భూగర్భంలో ఉంటుంది. 9 మంది పోయారు. అందులో ఇంజనీర్లున్నారు, ప్లాంటులో ప్రతి మెట్టూ తెలిసినవాళ్లు. వాళ్లకి దారి తెలియక కాదు, పొగ. పొగ కమ్ముకున్నాక లైట్లు పోతాయి, ఊపిరాడదు, పక్కనున్న తలుపు కనపడదు. మా దగ్గర ఆ ఘటన తర్వాత చాలా రోజులు అందరూ ఇదే మాట్లాడుకున్నారు. అందుకే 'ఆపరేటర్ నడిచి వెళ్లి వాల్వు తిప్పుతాడు' అని ఏ ఫైల్లో చదివినా నాకు వాళ్లే గుర్తొస్తారు. ఆ వాక్యం రాసినవాళ్లు ఆ ఆపరేటర్‌కి ఏ దారిలో పొగ వస్తుందో చూశారా? అతను వెళ్లలేకపోతే రెండో ఉపాయం ఏమిటని రాశారా?

బీటా_కిరణం

నల్లమల గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

పద్ధతి ప్రకారం చూస్తారండీ. 2007లో దీనికి విడిగా ఒక గైడ్ వచ్చింది. నడిచే దారిలో పొగ, వేడి, రేడియేషన్ ఉంటాయా, లైటింగ్ ఉందా, ఉన్న టైములో నిజంగా చేయగలరని చేసి చూపించారా, కొంత టైము మిగులుతుందా, ఇవన్నీ చూడాలి. అపెండిక్స్ ఆర్‌లోనే 8 గంటలు వెలిగే ఎమర్జెన్సీ లైట్లు ఉండాలని ఉంది.

కానీ రెండు ఘటనలు నేనే చెప్పాలి. 2010 మార్చిలో సౌత్ కరోలినా రాబిన్సన్ ప్లాంటులో కేబుల్ ఫాల్ట్‌తో మంట వచ్చింది. ఆరింది. కొన్ని గంటల తర్వాత సిస్టమ్‌ని రీసెట్ చేయబోయి ఆపరేటర్లు ఆ పాడైన భాగానికే మళ్లీ కరెంటు ఇచ్చారు, రెండోసారి మంట వచ్చింది. 2011 జూన్‌లో నెబ్రాస్కా ఫోర్ట్ కాల్హూన్‌లో స్విచ్‌గేర్, అంటే కరెంటుని పంచే స్విచ్‌ల ప్యానెల్ కాలింది. అప్పుడు ప్లాంటు ఆపే ఉంది. అయినా మసి, పొగ రెండో వైపు సరఫరాని కూడా దెబ్బతీశాయి, వాడిన ఇంధనం ఉంచే పూల్‌కి గంటన్నర పాటు కూలింగ్ పోయింది. వేరు చేశామని కాగితం మీద అనుకున్న రెండు వైపులూ ఒక్క మంటకి దొరికాయి. ఇలాంటివి చూసినప్పుడు నా మోడల్స్‌లో మనిషి మీద పెట్టుకున్న నమ్మకాన్ని తగ్గించి మళ్లీ లెక్కగడతాను.

అలాగని మాన్యువల్ యాక్షన్ అసలే వద్దనలేను. నరోరా చూడండి.

కొత్తగా_చేరా

నరోరా అంటే యూపీలోదా? అక్కడేమైంది?

కేబుల్‌ట్రే

1993 మార్చి 31, తెల్లవారుజామున. ఒకటో యూనిట్ టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. ఆ వైబ్రేషన్‌కి జనరేటర్ సీళ్లు పోయి హైడ్రోజన్ లీకై అంటుకుంది, నూనె తోడైంది, కేబుళ్లు పట్టుకున్నాయి. ప్రధాన సరఫరా కేబుళ్లూ బ్యాకప్ కేబుళ్లూ మధ్యలో సరైన ఫైర్ బారియర్లు లేకుండా కలిసి పోవడంతో అన్నీ పోయాయి. స్టేషన్‌కి దాదాపు 17 గంటలు కరెంటు లేదు. పొగకి కంట్రోల్ రూమ్ వదిలి రావాల్సి వచ్చింది. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ బిల్డింగ్ పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా ఆపే బోరాన్ ద్రావణం దింపారు. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లకి నీళ్లు పెట్టారు. అంతర్జాతీయ స్కేలు మీద దాన్ని 3వ స్థాయి ఘటనగా లెక్కేశారు. రేడియేషన్ బయటికి రాలేదు. ఆ మనుషులకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కానీ బీటా గారూ, వాళ్లు ప్లానంతా ఫెయిలైన తర్వాత ఆఖరి దిక్కుగా ఆ పని చేశారు. దాన్నే మొదటి ప్లానుగా రాసుకుని, వ్రాప్ ఖర్చు మిగుల్చుకోవడం వేరు. బ్రౌన్స్ ఫెర్రీకీ నరోరాకీ మధ్య 18 ఏళ్లున్నాయి. కేబుళ్లు వేరు చేయాలన్న పాఠం ప్రపంచమంతటికీ తెలుసు అప్పటికే.

బీటా_కిరణం

ఆ తేడా ఒప్పుకుంటాను. ఆఖరి దిక్కుగా ఉండాలి, మొదటి ప్లానుగా కాదు.

ఉద్దానం_పిల్ల

ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు. మాది శ్రీకాకుళం జిల్లా. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు పెడతామంటున్నారు, ఏపీ1000 రకం, ఒక్కోటి 1,208 మెగావాట్లు. మా బంధువులు అక్కడ చేపల వేట మీద బతుకుతారు. ఊళ్లో ఎవరినడిగినా భూమి పరిహారం, ఇళ్ల స్థలాలు, ఉద్యోగాలు, ఇవే ప్రశ్నలు. అవి అడగాల్సినవే. కానీ మీ చర్చ చూశాక నాకు వేరే ప్రశ్న వచ్చింది. మనదేశంలో ఇలాంటి నియమానికి సడలింపు ఇవ్వాలంటే ఎవరిస్తారు? ఇస్తే మాకు తెలుస్తుందా? అమెరికాలో ఆ బ్రాడ్‌స్కీ గారు కోర్టుకెళ్లగలిగారంటే, అక్కడ సడలింపు ఇచ్చినట్టు కాగితమన్నా బయటికొచ్చింది కాబట్టే కదా.

హడ్సన్_గట్టు

సరిగ్గా చెప్పారమ్మా. ఇక్కడ మేం ఎన్ని తిట్టుకున్నా, మినహాయింపు ఉత్తర్వు ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతుంది, కారణాలతో సహా. అది చదివే పోట్లాడాం.

మన దేశంలో చూడాల్సింది అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. 1983లో పెట్టారు, పార్లమెంటు చట్టంతో కాదు, ప్రభుత్వ ఉత్తర్వుతో. 2012లో కాగ్ రిపోర్టు ఇదే ఎత్తిచూపింది. నియంత్రించే సంస్థ ప్రభుత్వం కింద, అప్పగించిన అధికారాలతో నడుస్తోంది, స్వతంత్రత లేదని. 2011లో కొత్త చట్టానికి బిల్లు పెట్టారు, అది పాస్ కాకుండానే కాలం తీరింది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాస్ చేసిన శాంతి చట్టంలో గానీ ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా రాలేదు. సడలింపు ఇచ్చే చెయ్యీ, కేంద్రాన్ని నడిపే చెయ్యీ ఒకే ఒంటివైతే ప్రజలు మధ్యలో ఎక్కడ నిలబడాలి?

బీటా_కిరణం

ఉద్దానం గారూ, ఏపీ1000 గురించి ఒకటి చెప్తా, ఇది మీకు పనికొస్తుంది. కొత్త డిజైన్లకి ఎన్‌ఆర్‌సీ పాత ప్లాంట్ల కంటే కఠినమైన షరతు పెట్టింది. ఒక ఫైర్ ఏరియాలో మంట వస్తే అందులో ఉన్న సామాను మొత్తం పోయినట్టే అనుకోవాలి, మరమ్మతుకీ ఆపరేటర్ పనికీ మనిషి లోపలికి వెళ్లలేడు అనుకోవాలి, అయినా రియాక్టర్ సురక్షితంగా ఆగాలి. కంట్రోల్ రూమ్‌కి మాత్రం విడిగా ఇంకో ఏర్పాటు. అంటే నల్లమల గారు అడిగిన ప్రశ్నకి డిజైన్ దశలోనే జవాబు చెప్పాలి. ఏపీ1000లో కూలింగ్ కూడా కరెంటు పంపుల మీద కాకుండా గురుత్వాకర్షణ మీద, నీటి సహజ ప్రసరణ మీద 72 గంటలు నడిచేలా చేశారు. జార్జియాలో వోగ్ట్‌ల్ దగ్గర రెండు కట్టారు, 2023లో ఒకటి, 2024లో ఇంకోటి నడక మొదలుపెట్టాయి. డిజైన్ మంచిది.

అయితే డిజైన్ మంచిదైనంత మాత్రాన కట్టడం మంచిదవ్వదు. కట్టేటప్పుడు కేబుల్ ట్రే ఒకటి అడ్డొచ్చిందని పక్క గది గుండా తిప్పడం, గోడ కన్నం సీల్ చేయకుండా వదిలేయడం, ఆ సీల్‌కి వేరే సరుకు వాడడం, ఇవన్నీ సైటులో జరిగేవి. తర్వాత వాటిని సరిచేయడం కష్టమని సడలింపు అడుగుతారు. అమెరికా పాత ప్లాంట్లలో మినహాయింపులకి సాకు ఏమిటంటే, నియమం రాకముందే కట్టేశాం అని. కొవ్వాడలో ఇంకా పునాది కూడా పడలేదు. అక్కడ ఎవరికీ ఆ సాకు లేదు.

ఉద్దానం_పిల్ల

ఇది చాలు నాకు. ఏమడగాలో తెలియకే ఊరుకుంటున్నాం ఇన్నాళ్లూ. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడతాను, ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే అక్కడ కూడా చదువుతాను. ఒకటి, ఇప్పటిదాకా మన కేంద్రాల్లో అగ్నిరక్షణ ప్రమాణాలకి ఇచ్చిన సడలింపులెన్ని, ఏ కేంద్రానికి ఏ కారణంతో. రెండు, అందులో తాత్కాలికం అని ఇచ్చినవి ఇప్పటికీ ఎన్ని నడుస్తున్నాయి. భద్రతా కారణాలని మొత్తం ఇవ్వకపోయినా, సంఖ్య చెప్పడానికి అభ్యంతరం ఉండకూడదు కదా? ఇంకేమన్నా చేర్చాలా?

నల్లమల

మూడోది చేర్చు చెల్లీ. మంట వచ్చినప్పుడు ఆపరేటర్ నడిచి వెళ్లి చేయాల్సిన పనులు ఏ కేంద్రంలో ఎన్నున్నాయి, వాటిని పొగలో, చీకట్లో ఆఖరిసారి ఎప్పుడు చేసి చూశారు.

త్రోవరి

నేను ఇక్కడ హారిస్‌కి ఇంకా అమల్లో ఉన్న మినహాయింపులూ సడలింపులూ ఏమున్నాయో ఎన్‌ఆర్‌సీ పబ్లిక్ డాక్యుమెంట్లలో వెతుకుతున్నాను. బీటా గారూ, ఆ కాగితాలు చదవడానికి సాయం కావాలి, శనివారం కుదురుతుందా?

బీటా_కిరణం

కుదురుతుంది. డాకెట్ నంబరుతో, అంటే ఎన్‌ఆర్‌సీ ఆ ప్లాంటుకి ఇచ్చిన ఫైలు నంబరుతో వెతకండి, ముందు 2010 ఆమోదంతో వచ్చిన సేఫ్టీ ఎవాల్యుయేషన్ తీసి పెట్టుకోండి. పాత మినహాయింపుల్లో ఏవి కొనసాగాయి, ఏవి రద్దయ్యాయి అన్నది అందులో ఉంటుంది.